మల్టీఫోకల్ లెన్స్‌తో శుక్లం ఆపరేషన్ తర్వాత చదవడం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో కళ్లు పరీక్షించే పనిలో 20 ఏళ్లకు పైగా ఉన్నాను. నేను ఆపరేషన్లు చేసే డాక్టరును కాను, ఆప్టోమెట్రిస్టును. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలు శుక్లం ఆపరేషన్‌కు ముందూ తర్వాతా నా దగ్గరికి వస్తూ ఉంటాయి. కొందరు విశాఖపట్నంలో చేయించుకుంటారు, కొందరు భువనేశ్వర్‌లో, కొందరు ఇక్కడే. ఎక్కడ చేయించుకున్నా ఆరు వారాలు తిరిగేసరికి వాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే: "దూరం బాగానే కనిపిస్తోందమ్మా, పేపరు మాత్రం చదవలేకపోతున్నాను." ఆ ఒక్క మాట వెనుక పది వేర్వేరు కారణాలు ఉండవచ్చు. వాటిని విడదీసి చెప్పడానికే ఈ పేజీ రాస్తున్నాను. మందులు, ఆపరేషన్ విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట.

అసలు మల్టీఫోకల్ లెన్స్ అంటే ఏమిటి? మామూలు లెన్స్‌కూ దానికీ తేడా ఏమిటి?

కంటిలో పుట్టుకతో ఉన్న కటకం మసకబారితే దాన్ని శుక్లం అంటాం. ఆపరేషన్‌లో ఆ మసక కటకాన్ని తీసేసి, అదే చోట ఒక కృత్రిమ లెన్స్ పెడతారు. ఈ పద్ధతి 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరుతో మొదలైంది. మామూలు లెన్స్, అంటే మోనోఫోకల్, ఒకే దూరానికి పనిచేస్తుంది. సాధారణంగా దాన్ని దూరపు చూపు కోసం పెడతారు కాబట్టి చదవడానికి అద్దాలు కావాలి.

పడుచు వయసులో మన సొంత కటకం మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూసినప్పుడల్లా ఉబ్బి పవర్ పెంచుకుంటుంది. నలభై దాటాక అది గట్టిపడుతుంది. దాన్నే చత్వారం అన్నారు మన పెద్దలు. ఇప్పుడు వాడే మల్టీఫోకల్ లెన్స్ అలా ఉబ్బదు. దాని మీద కంటికి కనిపించనంత సన్నని వలయాలు ఉంటాయి. అవి కంట్లోకి వచ్చే వెలుతురును పంచుతాయి. కొంత దూరానికి, కొంత దగ్గరకు. ట్రైఫోకల్ అయితే మధ్య దూరానికి కూడా కొంత. ఒకే కాలువ నీటిని రెండు మూడు మడులకు మళ్లించినట్టు అనుకోండి. అన్ని మడులూ తడుస్తాయి, కానీ నీరంతా ఒకే మడికి పారినట్టు ఏ మడీ నిండదు.

ఈ పోలికను గుర్తుంచుకుంటే కింద చెప్పేవి చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

ఆపరేషన్ అయి రెండు వారాలైంది. పేపరు చదవలేకపోతున్నాను. లెన్స్ పాడైందా?

పాడవడం దాదాపు ఎప్పుడూ ఉండదు. ముందు కాగితం ఎంత దూరంలో పట్టుకుంటున్నారో చూసుకోండి. చాలా మల్టీఫోకల్ లెన్స్‌లలో దగ్గరి చూపు 40 సెంటీమీటర్ల దగ్గర కుదురుతుంది. మన కొలతలో చెప్పాలంటే మూర కంటే కాస్త తక్కువ, అంటే రెండు జానలకు కొద్దిగా లోపల. పాత రకాలు కొన్ని 33 సెంటీమీటర్లకు కుదురుతాయి. శుక్లం ముదిరిన కాలంలో కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం చాలామందికి అలవాటైపోయి ఉంటుంది. ఆపరేషన్ తర్వాతా చేయి తనకు తెలియకుండానే జాన దూరానికే వెళుతుంది. ఆ దూరంలో ఈ లెన్స్ చేయగలిగింది ఏమీ లేదు.

పగటిపూట కిటికీ పక్కన వీపు వెలుతురు వైపు పెట్టి కూర్చోండి. పేపరును చేయి చాచి పట్టుకుని, మెల్లగా దగ్గరికి తెచ్చుకుంటూ రండి. ఒకచోట అక్షరాలు తేరుకుంటాయి. అదే మీ చోటు. అక్కడ ఆగండి. ఇంకా దగ్గరికి తెస్తే మళ్లీ అలుక్కుపోతుంది. రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేస్తే వారంలో చేయి ఆ దూరాన్ని నేర్చుకుంటుంది. నా దగ్గరికి కంగారుగా వచ్చినవాళ్లలో చాలామందికి ఈ ఒక్క పనితోనే ఊరట దొరకడం కళ్లారా చూశాను.

అప్పటికీ ఏ దూరంలోనూ అక్షరం తేరకపోతే, కింది ప్రశ్నలు చదవండి.

శుక్లం ఉన్నప్పుడే అద్దాలు లేకుండా చదివేదాన్ని. ఆపరేషన్ చేయించుకున్నాక ఆ చూపు పోయింది. ఇదేం న్యాయం?

ఈ బాధ నిజమైనదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. కొన్ని రకాల శుక్లాల్లో కటకం నడిబొడ్డు గట్టిపడి, కంటికి మైనస్ పవర్ వస్తుంది. దూరం మసకబారుతుంది కానీ చత్వారపు అద్దాలు లేకుండానే దగ్గరివి చదవగలుగుతారు. "అరవై ఐదేళ్లకు నాకు చూపు తిరిగొచ్చింది" అని సంతోషించేవాళ్లను చూసే ఉంటారు. అది శుక్లం ఇచ్చిన చూపు. శుక్లంతోపాటే పోతుంది.

చిన్నప్పటి నుంచి మైనస్ అద్దాలు పెట్టుకున్నవాళ్లదీ ఇలాంటి కథే. వాళ్లు అద్దాలు తీసేసి జాన దూరంలో ఎంత సన్నటి అక్షరాన్నైనా చదివేవారు. మల్టీఫోకల్ లెన్స్ ఇచ్చే 40 సెంటీమీటర్ల చూపు ఆ పాత చూపుకు సరితూగదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. మీరు ఈ కోవకు చెందినవారైతే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. మామూలు లెన్స్‌నే దగ్గరి చూపు కోసం పెట్టించుకుని, దూరానికి అద్దాలు వాడడం కొందరికి ఇంతకంటే సుఖంగా ఉంటుంది. ఆ దారి ఒకటి ఉందన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

ఆసుపత్రిలో పరీక్షించి "దగ్గరి చూపు బాగుంది" అన్నారు. ఇంటికొస్తే పంచాంగం చదవలేకపోతున్నాను. ఎవరి మాట నిజం?

రెండూ నిజమే కావచ్చు. ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

మా అమ్మకు ఆపరేషన్ అయ్యాక మూడో వారం పరీక్షకు తమ్ముడు ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడిచ్చిన చదువు కార్డుకు ఒకవైపు ఒడియా, మరోవైపు ఇంగ్లిషు ఉన్నాయట. అమ్మ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది, ఒడియా చక్కగా మాట్లాడుతుంది. కానీ చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే. కార్డు చూసి మౌనంగా ఉండిపోయింది. చదవడం రాదని పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గుపడింది. అక్కడివాళ్లు చీటీ మీద "దగ్గరి చూపు లేదు" అని రాసి అద్దాలు రాసిచ్చారు. ఆ సాయంత్రం నేను తెలుగు పేపరు చేతికిస్తే వరండాలో కూర్చుని మొదటి పేజీ అంతా చదివింది. ఆ రోజు నుంచి నా బల్ల మీద తెలుగు చదువు కార్డు లేకుండా ఒక్క రోజు గడవనివ్వలేదు.

మీరు అడిగింది దీనికి తిరగబడిన పరిస్థితి. కార్డు మీద నల్లటి అక్షరాలు తెల్లటి గట్టి కాగితం మీద, మంచి దీపం కింద ఉంటాయి. పంచాంగంలో సన్నటి అచ్చు, బూడిద రంగు కాగితం. పైగా తెలుగు అక్షరం స్వభావం ఒకటి ఉంది. ద, ధ, ప, ఫ, బ, భ. ఈ జంటల్లో తేడా అంతా ఒక చిన్న గీతలోనే ఉంటుంది. రాష్ట్రం, స్త్రీ వంటి మాటల్లో ఒత్తులు అసలు అక్షరం కంటే చిన్నవిగా కింద వేలాడతాయి. ఒడియా అక్షరాల్లోనూ పైన గొడుగులాంటి వంపు ఇంచుమించు ఒకేలా ఉండి, తేడా కింది భాగంలో దాగి ఉంటుంది. ఇంగ్లిషు కార్డు మీద చిన్న అక్షరాల వరుస గట్టెక్కినవాళ్లు అదే పరిమాణంలో తెలుగు ఒత్తుల దగ్గర తడబడడం నేను తరచూ చూస్తాను.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒకటుంది: పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు రోజూ చదివేదాన్నే సంచిలో పెట్టుకెళ్లండి. పేపరు, పంచాంగం, స్తోత్రాల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, మందుల చీటీ, ఏదైనా సరే. "నేను చదవాల్సింది ఇది" అని దాన్ని బల్ల మీద పెట్టండి. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

పగలు చదవగలుగుతున్నాను, రాత్రి దీపం కింద చదవలేకపోతున్నాను. ఎందుకు?

కాలువ పోలిక గుర్తు తెచ్చుకోండి. దగ్గరి చూపు వంతుకు వచ్చేది మొత్తం వెలుతురులో కొంత మాత్రమే. గదిలో వెలుతురే తక్కువైతే ఆ కొంతలో మిగిలేది మరీ తక్కువ. దీనివల్ల నలుపుకూ తెలుపుకూ మధ్య తేడా పలచబడుతుంది. బూడిద రంగు కాగితం మీద అచ్చు, మెరిసే రేకు మీద మందుల గడువు తేదీ, లేత రంగు మీద తెల్ల అక్షరాలు ఇబ్బంది పెట్టేది అందుకే.

గది పైకప్పుకు ఉన్న ట్యూబులైటు చాలదు. చదివే చోట భుజం మీదుగా, వెనుక నుంచి కాగితం మీద పడేలా ఒక ఎల్‌ఈడీ దీపం పెట్టుకోండి. కుడిచేత్తో రాసేవాళ్లు ఎడమ భుజం వైపు పెట్టుకుంటే చేతి నీడ కాగితం మీద పడదు. దీపం కళ్లలోకి కొట్టకూడదు. చదువు అద్దాల మీద పెట్టే డబ్బు కంటే ముందు ఈ దీపం మీద పెట్టమంటాను.

ఫోనులో అయితే అక్షరాల పరిమాణం, తెర వెలుతురు పెంచుకోండి. తెల్ల తెర మీద నల్ల అక్షరాలు హాయిగా ఉన్నాయా, నల్ల తెర మీద తెల్లవా అన్నది మనిషిని బట్టి మారుతుంది. రెండూ చూసి తేల్చుకోండి.

అలవాటు పడడానికి ఎన్నాళ్లు పడుతుంది?

చాలామందికి మూడు నుంచి ఆరు నెలలు. కొందరికి ఏడాది దాకా కూడా. కన్ను ఒకేసారి దూరపు బొమ్మనూ దగ్గరి బొమ్మనూ లోపలికి పంపుతుంది. అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టడం మెదడు నేర్చుకోవాలి. రోజూ కొంతసేపు చదివేవాళ్లు త్వరగా సర్దుకుంటారు. కళ్లు మూసుకుని పడుకుంటే మెదడు ఏమీ నేర్చుకోదు.

ఒక కంటికే ఆపరేషన్ అయి, రెండో కంట్లో ఇంకా శుక్లం ఉంటే ఈ సర్దుబాటు నత్తనడకన సాగుతుంది. రెండు కళ్లకూ లెన్స్ పడ్డాక చదివే చూపు మెరుగుపడడం సాధారణం. మొదటి కన్ను చూసి నిరాశపడకండి. కానీ మొదటి కంటితో మీకున్న ఇబ్బందులన్నీ రెండో ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. రెండో కంటికి వేరే రకం లెన్స్ ఎంచుకునే అవకాశం అప్పుడే ఉంటుంది, ఆ తర్వాత మార్చడం అంత సులువు కాదు.

రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. ప్రమాదమా?

ప్రమాదం కాదు. వెలుతురును పంచే వలయాల వల్లే అవి వస్తాయి. నెలలు గడిచేకొద్దీ చాలామందికి పట్టించుకోనంతగా తగ్గుతాయి. కొందరికి పూర్తిగా పోవు.

అయితే రాత్రిపూట బండి నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు తెలిసినవాళ్లు ఊహించుకోండి. మలుపు తిరగగానే ఎదురుగా లారీ దీపాలు, వాటి చుట్టూ సున్నాలు. లారీ, బస్సు, జీపు నడిపేవాళ్లకు మల్టీఫోకల్ వద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను. ఆపరేషన్ ఎలాగూ అయిపోయి ఉంటే, వలయాలు తగ్గాయని డాక్టరు చూసి చెప్పేదాకా రాత్రి ఘాట్ ఎక్కకండి.

కళ్లద్దాల దుకాణంలో కంప్యూటర్ పరీక్ష చేసి మైనస్ పవర్ ఉందన్నారు. అద్దాలు తీసుకోవాలా?

వెంటనే తీసుకోకండి. గడ్డం ఆనించి చూసే ఆ యంత్రం మామూలు కళ్ల కోసం తయారైంది. కొన్ని మల్టీఫోకల్ లెన్స్‌ల మీద అది దగ్గరి చూపు వలయాన్ని చదివి, లేని మైనస్ పవర్‌ను చూపిస్తుంది. ఈ కళ్లకు గాజు బిళ్లలు ఒక్కొక్కటీ మారుస్తూ, "ఇదా, అదా, ఏది బాగుంది" అని ఓపికగా అడిగి చూడాల్సిందే. నేను యంత్రం అంకెను పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెడతాను. సగం గంట పడుతుంది.

దుకాణానికి వెళ్లగానే "నాది మల్టీఫోకల్ లెన్స్" అని చెప్పండి. ఆసుపత్రివాళ్లు ఇచ్చే చిన్న లెన్స్ కార్డు మీద రకం, పవర్, వరుస సంఖ్య ఉంటాయి. దాన్ని లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతోపాటు దాచండి. ఆ కార్డు పోగొట్టుకున్నవాళ్లకు సాయం చేయడం నాకు చాలా కష్టమవుతోంది.

అయితే పవర్ మిగలడం అన్నది ఉండదా?

ఉంటుంది. చదవలేకపోవడానికి అది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. మామూలు లెన్స్ ఉన్న కంట్లో అర పవర్ మిగిలినా మనిషి గమనించకపోవచ్చు. మల్టీఫోకల్ అంత ఉదారమైనది కాదు. అర పవర్, ముప్పావు సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చేది) మిగిలినా దూరం, దగ్గర రెండూ ఒకేసారి మసకబారతాయి.

తీరంలో, పొలాల్లో ఎండకూ దుమ్ముకూ తిరిగినవాళ్లకు తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ ఉంటుంది. అది నల్లగుడ్డును లాగి సిలిండర్ పవర్ పుట్టిస్తుంది. లెన్స్ లెక్కలు వేయడానికి ముందే దాని సంగతి తేల్చుకోవాలి. సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్లకు దాన్ని కూడా సరిచేసే టోరిక్ రకం లెన్స్‌లు ఉన్నాయి.

మిగిలిన పవర్‌ను పలచని అద్దాలతో సరిచేయవచ్చు. దూరపు పవర్‌ను సరిచేసే ఆ ఒక్క అద్దంతోనే దగ్గర కూడా తేటపడడం నా గదిలో రోజూ జరిగేదే. తేడా పెద్దదైతే లేజర్ చికిత్స వంటి దారులను డాక్టరు చెబుతారు. ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు కన్ను కుదుటపడుతుంది. అప్పటిదాకా అద్దాలు కొనకండి.

చదువు అద్దాలు వాడితే ఆపరేషన్ విఫలమైనట్టేనా?

కానే కాదు. మల్టీఫోకల్ వేయించుకున్నవాళ్లలో చాలామంది రోజువారీ పనులన్నీ అద్దాలు లేకుండా చేసుకుంటారు. కానీ సన్నటి అచ్చును గంటలకొద్దీ చదవడానికో, సూదిపనికో అద్దాలు తీస్తారు. అందులో తప్పేమీ లేదు, కంటికి హానీ లేదు. "ఇన్ని డబ్బులు పెట్టాక కూడా అద్దాలా" అని ఇంట్లోవాళ్లు అనే మాటలకు భయపడి పెద్దవాళ్లు చదవడమే మానేస్తున్నారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. దయచేసి అలా అనకండి.

ఇ.డి.ఓ.ఎఫ్. అనే రకం లెన్స్‌లు మరొకటి ఉన్నాయి. వాటితో వలయాల బాధ సాధారణంగా తక్కువ, వంటగది, ఫోను, కంప్యూటర్ దూరం బాగుంటుంది. చదవడానికి మాత్రం ఒకటి, ఒకటిన్నర పవర్ అద్దాలు కావాల్సి రావచ్చు. మీకు వేసింది ఆ రకమేమో కార్డు చూసుకోండి. అప్పుడు చదువు అద్దాలు ముందే లెక్కలో ఉన్నవే అవుతాయి.

మూడు వారాలు బాగా చదివాను. ఇప్పుడు తగ్గింది. ఏమై ఉంటుంది?

బాగుపడి మళ్లీ తగ్గిన చూపును ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. కారణాలు కొన్ని ఉన్నాయి.

కంటి పొడితనం అన్నిటికంటే తరచుగా కనిపించేది. పది నిమిషాలు చదివాక అక్షరాలు చెదురుతాయి, రెప్ప కొడితే తేరుకుంటాయి. డాక్టరు చెప్పిన కన్నీటి చుక్కలు, చదివేటప్పుడు తరచూ రెప్ప కొట్టడం, ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా కూర్చోవడంతో చాలావరకు చక్కబడుతుంది.

రెండోది రెటీనా, అంటే కంటి వెనుక బొమ్మ పడే పొర, నడిమి భాగంలో నీరు చేరడం. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల మధ్య ఇది కనిపిస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. గీతలు వంకరగా కనిపించినా, మాట మధ్యలో అక్షరం మాయమైనా వెంటనే చూపించుకోండి. ఓసీటీ అనే స్కాన్‌లో తెలుస్తుంది, చాలామందికి చుక్కల మందులతోనే తగ్గుతుంది.

మూడోది నెలల తర్వాత, ఏళ్ల తర్వాత వచ్చేది. లెన్స్‌ను పట్టి ఉంచే సంచి వెనుక పొర మసకబారుతుంది. "శుక్లం మళ్లీ వచ్చింది" అని జనం అనేది దీన్నే. కృత్రిమ లెన్స్‌కు శుక్లం రాదు. యాగ్ లేజర్‌తో ఆ పొరలో చిన్న కిటికీ తెరుస్తారు, కొద్ది నిమిషాల పని. మల్టీఫోకల్ కళ్లలో పొర కాస్త మసకబారినా చదువు ముందు దెబ్బతింటుంది. అయితే ఒక జాగ్రత్త. మొదటి రోజు నుంచీ లెన్స్ నచ్చక, మార్పించుకునే ఆలోచన ఏ మూలనైనా ఉంటే, ఆ మాట లేజర్‌కు ముందే డాక్టరుతో చెప్పండి. పొరకు కిటికీ తెరిచాక లెన్స్ మార్చడం చాలా కష్టమైన, ప్రమాదంతో కూడిన పని.

ఎలాంటివాళ్లు మల్టీఫోకల్ వేయించుకోకపోవడమే మంచిది?

రెటీనా నడిమి భాగం దెబ్బతిన్నవాళ్లు, నీటికాసులు ముదిరినవాళ్లు, చక్కెర వ్యాధి రెటీనాకు పాకినవాళ్లు, నల్లగుడ్డు వంకరగా ఉన్నవాళ్లు. వీళ్లకు ఉన్న వెలుతురే చాలదు, దాన్ని పంచడం మరింత నష్టం. రాత్రి డ్రైవర్ల సంగతి పైన చెప్పాను.

ఇక పనిని బట్టి ఆలోచించాల్సినవాళ్లు. బరంపురంలో మన దేవాంగుల మగ్గాల దగ్గర పట్టుపోగు చేతికి అందే దూరంలో, మధ్య చూపులో ఉంటుంది. అక్కడ 40 సెంటీమీటర్ల దగ్గరే చూపిచ్చే లెన్స్ ఉపయోగపడదు, ట్రైఫోకల్‌ గానీ ఇ.డి.ఓ.ఎఫ్. గానీ అడగాలి. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చెక్కే కళాకారులు పనిని ముఖానికి బాగా దగ్గరగా పట్టుకుంటారు, అదీ అరకొర వెలుతురులో. వాళ్లకు మామూలు లెన్స్, దాని మీద పనికి తగిన అద్దాలు ఎక్కువ నమ్మకమైనవని నా అభిప్రాయం. మీరు పనిచేసే దూరాన్ని టేపుతో కొలిపించి, ఆ అంకెను కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. "దగ్గర" అన్న మాట ఒక్కొక్కరికి ఒక్కో దూరం.

ప్రభుత్వ పథకం కింద మల్టీఫోకల్ వేస్తారా?

పథకాల కింద సాధారణంగా మామూలు లెన్స్ వేస్తారు. ఆయుష్మాన్ కార్డు ఉన్నా మల్టీఫోకల్‌కు సొంత డబ్బు పెట్టుకోవాల్సి వస్తుందనే అనుకుని బయలుదేరండి. ప్రైవేటు బీమాల్లోనూ శుక్లం ఆపరేషన్‌కు పరిమితి పెట్టేవి చాలా ఉన్నాయి. లెన్స్ ఖర్చు ఎంత ఇస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

అప్పు చేసి మల్టీఫోకల్ వేయించుకోవద్దు. ఈ మాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాను. మామూలు లెన్స్ తక్కువ రకం కాదు. దూరం అది ఇచ్చినంత తేటగా, రాత్రిపూట అది చూపినంత శుభ్రంగా మల్టీఫోకల్ ఇవ్వలేదు. 40 సెంటీమీటర్ల దూరంలో చదవడానికి రెండున్నర పవర్ అద్దాలు కావాలి, అంతే. ఆ జోడు ధర ఎంతో మీకు తెలుసు.

శుక్లం ముదిరేదాకా ఆగాలా? చలికాలం వరకు ఆగాలా?

రెండూ అక్కర్లేదు. మరీ ముదిరిన శుక్లం గట్టిపడి తీయడం కష్టమవుతుంది. కాలంతో పని లేదు, శుభ్రతతోనే పని.

తేనె, ఆకుపసరు, తల్లిపాలు కంట్లో వేస్తే చూపు త్వరగా కుదురుతుందా?

వేయవద్దు. ఆపరేషన్ గాయం మానని కంట్లో వాటితోపాటు సూక్ష్మక్రిములు చేరితే కన్నే పోతుంది. రాసిచ్చిన చుక్కలు తప్ప మరేదీ కంట్లో పడకూడదు. చుక్కలు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలి?

నొప్పి, ఎర్రదనం, చూపు ఉన్నట్టుండి తగ్గడం, కళ్ల ముందు మెరుపులు, నల్లటి చుక్కల వాన, పక్క నుంచి తెర జారినట్టు నీడ. వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లాలి, మర్నాటి దాకా ఆగకూడదు. ఆపరేషన్ చేసినవాళ్లు దూరంలో ఉంటే ముందు ఫోను చేసి, వాళ్లు చెప్పిన దగ్గరి చోటికి వెళ్లండి. గంజాం, గజపతి వైపు వాళ్లకు బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రులు భువనేశ్వర్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. రాయగడ, గుణుపురం వాళ్లు ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే, అర్ధరాత్రి అవసరమైతే ఏ బండి దొరుకుతుందో, తోడు ఎవరొస్తారో తేల్చుకుని పెట్టుకోండి.

లెన్స్ ఎన్నేళ్లు పనిచేస్తుంది? ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చా?

జీవితాంతం. ఎం.ఆర్.ఐ.కి అడ్డు లేదు, ఆ లెన్స్‌లో లోహం ఉండదు.

ఏడాది దాటింది. దీపం, దూరం, అద్దాలు, లేజర్ అన్నీ చూశాం. ఇప్పటికీ చదవలేకపోతున్నాను.

ముందు పూర్తి పరీక్ష మళ్లీ జరగాలి: పవర్, కంటి పొడితనం, లెన్స్ సరిగ్గా నడిమధ్యన ఉందా అన్నది, రెటీనా స్కాన్, కంటి నరం. వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. కాగితాలన్నీ, లెన్స్ కార్డుతో సహా, తీసుకెళ్లండి. కారణం లెన్సే అని తేలితే దాన్ని తీసి మామూలు లెన్స్ పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. అరుదుగా చేస్తారు, అనుభవం ఉన్న చేతులు కావాలి.

ఒకటి మాత్రం అడుగుతాను. ఆ పరీక్షకు వెళ్లే రోజు అమ్మనో నాన్ననో ఒంటరిగా పంపకండి. వెంట వెళ్లండి. కార్డు ఏ భాషలో ఉందో చూడండి. అది వాళ్లకు రాని భాష అయితే, వాళ్లు నోరు విప్పకముందే మీరే సంచిలోంచి తెలుగు పేపరు తీసి బల్ల మీద పరచండి.